మనకు తెలియని మన మనస్సు
(సీపత్‌లో జరిగిన సాంస్కృతిక సభయందు చేసిన ప్రసంగము యొక్క పాఠము)



పంచాంగశ్రవణము ముగిసిన వెంటనే మనస్తత్త్వశాస్త్రమును గూర్చి మాటలాడుట కొంచెము అసందర్భముగ తోచవచ్చును. ఐనను కార్యదర్శిగారు నన్ను వదలలేదు. "గ్రహాల సంగతి సిద్ధాంతిగారు చూసుకుంటారు, మీరు మనసు సంగతి చెప్పండి" అనిరి. నేను ఈ శాస్త్రమున పండితుడను కాను. బాయిలరు ఒత్తిడులు, ఉష్ణోగ్రతలు చూచుకొనుచు ఉద్యోగజీవితమును గడపినవాడను. నాకు జరిగిన ఒక చిన్న సంగతి నన్ను ఈ పుస్తకములవైపు త్రోసినది. ముందు దానిని విన్నవించి, పిమ్మట శాస్త్రములోనికి పోవుదును.

మా నాయనగారు బిలాసపురమున రైల్వే ఉద్యోగము చేసిరి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల మనవారెందరో ఈ లైను వెంబడి వచ్చి స్థిరపడిన సంగతి మీకు తెలిసినదే. మా తాతగారు అట్లు వచ్చినవారే. నాయనగారు తమ ప్రావిడెంటు ఫండు సొమ్ముతో టెక్కలి ప్రాంతమున, మా స్వగ్రామములో, ఒక పెంకుటిల్లు కట్టించిరి. కట్టించిరే గాని అందులో కాపురముండలేదు. పదవీ విరమణ చేసిన తరువాతను బిలాసపురమును విడువలేక, ఇక్కడనే అద్దె యింటిలో కన్నుమూసిరి. ఆ యిల్లు అమ్మివేయుదమని విశాఖపట్టణములోనున్న మా తమ్ముడు అనెను. నేనును సరే యంటిని. పాడుపడిపోవుచున్న యింటిని ఉంచుకొని ఏమి చేయుదుము? నా మనస్సున ఎట్టి అభ్యంతరమును లేదనియే నేను నమ్మితిని.

రాయపూరు, టిట్లాగఢ్, రాయగడ మీదుగా విజయనగరమునకు పోయి, అక్కడినుండి ఊరు చేరితిని. చేరిన తరువాత చూచుకొనగా ఇంటి పత్రముల సంచి సీపత్‌లోనే మరచి వచ్చితిని. రెండవసారి పత్రములు భద్రముగ పెట్టెలో పెట్టుకొని బిలాసపురము స్టేషనుకు పోతిని. ప్రయాణికుల పట్టికలో నా పేరు లేదు. టికెట్టు ముందురోజుది. మూడవసారి అన్నియు సవ్యముగ జరిగినవి. దస్తావేజు లేఖరి స్టాంపు కాగితమును నా ముందు పెట్టి సంతకము చేయుమనెను, చేసితిని. అతడు కాగితమును చూచి, నా ముఖము చూచి, మరల కాగితమును చూచెను. నా సంతకము ఉండవలసిన చోట మా నాయనగారి పేరు వ్రాసియుంటిని.

తమ్మునికి కోపము వచ్చినది. "అన్నయ్యా, అమ్మడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. ఈ నాటకాలెందుకు?" అనెను. వాటా పెంచుకొనుటకే ఇట్లు చేయుచున్నానని వాని అనుమానము. నాకు వానికంటె ఎక్కువ కోపము వచ్చినది, ఏలయనగా నేను నాటకమాడలేదు. ఆరు నెలలు మా ఇరువురి మధ్య మాటలు లేవు.

ఇట్టి మరపులను, తడబాటులను గూర్చి ఒక పెద్ద గ్రంథమే కలదని నాకు తరువాత తెలిసినది. సిగ్మండ్ ఫ్రాయిడ్ అను వైద్యుడు దానిని 1901లో ప్రకటించెను. ఆయన 1856లో మొరేవియా ప్రాంతమున జన్మించి, వియన్నా నగరమున నాడీవైద్యము చేసి, 1938లో నాజీల బారినుండి తప్పించుకొని లండను చేరి, మరుసటి యేడు అచ్చటనే మరణించెను. ఒకప్పుడు ఆయన ప్రయాణములో తోటివానితో మాటలాడుచు సిన్యొరెల్లి యను ఇటలీ చిత్రకారుని పేరు మరచిపోయెను. బాగుగ తెలిసిన పేరే. ఎందులకు మరచితినని తన మనస్సును తానే గాలించుకొనగా, తన రోగి యొకడు ఆత్మహత్య చేసికొనిన వార్త అడుగున దాగియున్నట్లు తోచెను. ఆ తలపును అణచబోవగా దానితో తగుల్కొనియున్న నిరపరాధియైన పేరు కూడ అణగిపోయినదని ఆయన నిర్ణయము.

ఇదియే ఈ శాస్త్రమునకు కీలకము. మనస్సులో మనకు తెలిసిన భాగము కొంత, తెలియని భాగము పెద్దది. భరింపరాని కోరికలు, భయములు, అపరాధభావములు మన యెరుకనుండి వెలికి త్రోయబడును. దీనిని దమనమందురు. త్రోయబడినవి నశింపవు. కలలుగా, మరపులుగా, నోటి జారుపాటులుగా, ఒక్కొక్కప్పుడు రోగముగా, వేషము మార్చుకొని తిరిగి వచ్చును. ఆ తెలియని భాగమునకు మన పాఠ్యగ్రంథకర్తలు అచేతనమని పేరు పెట్టిరి. ఈ పేరు నాకు నచ్చలేదని చెప్పక తప్పదు. తెలుగులో అచేతనమనగా ప్రాణము లేనిది, రాయి వంటిది. ఫ్రాయిడ్ చెప్పిన అచేతనమో, ఇంటిల్లిపాది నిద్రించినను మేలుకొని యుండునట్టిది!

1923లో ఆయన మరియొక విభాగము చేసెను. కోరికల పుట్టయైన ఇడ్, లోకముతో సర్దుకొనిపోవు ఈగో, తప్పొప్పులు విచారించు సూపర్ ఈగో అని మూడు. పాఠ్యపుస్తకములు వీనిని అచిత్తు, అహం, అధ్యహం అనుచున్నవి. ఈ మూడవది చిత్రమైనది. తల్లిదండ్రుల మందలింపులు బాల్యముననే లోపలికి పోయి అక్కడ కాపురము పెట్టును. తండ్రి పోయిన తరువాతను తండ్రి గొంతు పోదు.

మన యంత్రశాల మిత్రులకు ఒక మాట. ఫ్రాయిడ్ యౌవనమున బ్రూకే అను శరీరశాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో పనిచేసెను. శక్తి నశింపదు, రూపము మాత్రమే మారునన్న సూత్రము ఆనాటి శాస్త్రజ్ఞులకు వేదవాక్యము. కావున ఆయన మనస్సును వర్ణించునప్పుడు ఆవిరియంత్రము స్ఫురించును. ఒకచోట మూసినచో ఒత్తిడి మరియొకచోట తేలును. నేడు మనస్సు ఇంత సులభమైన బాయిలరు కాదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన 660 మెగావాట్ల యూనిట్లలో డ్రమ్మే లేదు, నీరు ఎప్పుడు ఆవిరియైనదో గీత గీచి చూపలేము. మనస్సులో తెలిసినదానికి తెలియనిదానికి మధ్య గీత కూడ అట్టిదేమో యని నాకు అనిపించును. ఇది నా ఊహయే గాని శాస్త్రము కాదు.

రైల్వే మిత్రులకును ఒక మాట కలదు. రోగి తన మనస్సునకు వచ్చినదెల్ల ఎట్లు చెప్పవలెనో బోధించుచు ఫ్రాయిడ్ 1913లో ఒక పోలిక చెప్పెను. నీవు రైలుపెట్టెలో కిటికీప్రక్కన కూర్చున్నావనుకొనుము, బయట కనబడునదెల్ల లోపలివానికి వరుసగ చెప్పుచుపొమ్మనెను. ఇది ముఖ్యము, ఇది కాదు అని ఏరరాదు. ఇంతకును ఆయనకు రైలుప్రయాణమన్న భయము!

ఈ సంగతులు మన పెద్దలకు తెలియవా యని అడుగువారు కలరు. సంస్కారములు, వాసనలు అని యోగశాస్త్రము చెప్పినదికదా యందురు. పోలిక కలదు. కాని అంతయు మనవద్దనే యున్నదని చెప్పి పుస్తకమును మూసివేయుట నాకిష్టము లేదు. యోగి వెదకినది విముక్తిని, వియన్నా వైద్యుడు వెదకినది ఒక రోగి బాల్యములోని ఒకానొక మధ్యాహ్నమును. పోలికలు వెదకదలచినచో శాస్త్రములకంటె మన సామెతలలో వెదకుట మేలని నా అభిప్రాయము. అత్తమీది కోపము దుత్తమీద చూపు కోడలిని గూర్చి ఫ్రాయిడ్ శిష్యులు విస్థాపనమని అధ్యాయములు వ్రాసిరి. పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చన. తన మనస్సులోని దోషమును ఎదుటివానియందు చూచుట ప్రక్షేపణము. ఆడలేక మద్దెల ఓడనుట హేతుకరణము. గుమ్మడికాయల దొంగ యనగానే భుజములు తడుముకొనువానిని చూడుడు. ఎవ్వరును వాని పేరెత్తలేదు, లోపలి న్యాయాధిపతి తీర్పు చెప్పివేసినాడు. ఈ సామెతలు కట్టిన అవ్వలు వియన్నా మాట విన్నవారు కారు. వారికి ఉమ్మడి కుటుంబమే ప్రయోగశాల.

ఇక మన దేశమున ఈ శాస్త్రము హౌరానుండి మన ముంగిటిమీదుగా పోవు రైలుమార్గపు కొననే వేళ్లూనినది. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు అను వైద్యుడు దమనమును గూర్చి గ్రంథము వ్రాసి 1921లో ఫ్రాయిడ్‌కు పంపెను. 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. ఇరువురును ఉత్తరములు వ్రాసికొనిరే గాని ఎన్నడును కలిసికొనలేదు. ఫ్రాయిడ్ డెబ్బదియైదవ జన్మదినమునకు, 1931లో, కలకత్తావారు దంతపు విష్ణువిగ్రహమును కానుకగా పంపిరి. ఆయన దానిని తన వ్రాతబల్లమీద ఉంచుకొనెను. ఐనను బోసుగారు వట్టి శిష్యుడు కాడు. ప్రతి కోరికకును దానికి విరుద్ధమైన కోరిక యొకటి జంటగ పుట్టుననియు, ఒకటి పైకి వచ్చినప్పుడు రెండవది అడుగున నిలుచుననియు ఆయన సిద్ధాంతము. తన బెంగాలీ రోగుల మనస్సులు వియన్నా రోగుల మనస్సులవలె లేవని గురువుతోనే వాదించెను. ఈ జంట కోరికల మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు, దానితో నాకు పనియున్నది.

మన తెలుగువారిలో ఈ శాస్త్రము ఆసుపత్రిద్వారముకంటె ముందు నవలద్వారమున వచ్చినదని నా నమ్మకము. అందును ముఖ్యులైన ఇరువురు రచయితలు మనవలెనే కేంద్రప్రభుత్వపు కొలువు చేసినవారు, ఆకాశవాణిలో పనిచేసినవారు. ఒకరు త్రిపురనేని గోపీచందు, మరియొకరు బుచ్చిబాబుగా ప్రసిద్ధులైన శివరాజు వేంకటసుబ్బారావు.

గోపీచందుగారి 'అసమర్థుని జీవయాత్ర' 1947లో వెలువడినది. తెలుగున తొలి మనోవైజ్ఞానిక నవలగా దానిని పేర్కొనుట పరిపాటి. అందలి సీతారామారావు జమీను గలవాని కొడుకు. తండ్రి పోవుచు వంశప్రతిష్ఠను నిలువబెట్టుమని కొడుకును కోరెను. ఆ మాట వానిలో చేరి రాజ్యమేలినది. దానములు చేసెను, ఆస్తి పోగొట్టుకొనెను, తరువాత అందరిని ద్వేషించెను, భార్యను హింసించెను, తన్ను తానే అసహ్యించుకొనెను. కథ శ్మశానమున ముగియును. చిన్ననాట ఈ నవల చదివినప్పుడు వీడెవడో సోమరి, చేతకానివాడనుకొంటిని. ఇటీవల మరల చదివితిని. వానికి లేనిది చేతనైనతనము కాదు, తండ్రి మాటకు ఎదురుచెప్పగల ధైర్యము. తండ్రి బ్రతికియుండినచో ఒకనాడు జగడమాడి తేల్చుకొనియుండును. చచ్చినవానితో జగడమెట్లు? కావున ఆ జగడమును లోకమందరితోను ఆడెను. శాస్త్రగ్రంథములలో పది పుటలు చదివినను బోధపడని అధ్యహము ఆ నవలలో వీధిలో నడచుచు కనబడును.

బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' 1946-47లో నవోదయ పత్రికలో ధారావాహికగ వచ్చినది. అందలి దయానిధి వైద్యుడు. అతని తల్లిమీద లోకము నింద వేసినది. ఆ నీడ అతనిని వెంబడించుచునే యుండును. కోమలి, అమృతము, ఇందిర, ఎవరిని సమీపించినను అడుగు ముందునకు పడదు. ఊరు విడిచి రాయలసీమకు పోయెను. ఊరు మారినది, నీడ మారలేదు. విమర్శకులు దీనియందు ఫ్రాయిడ్ చెప్పిన ఈడిపస్ గ్రంథిని చూచిరి. నాకు మాత్రము తల్లిపై వ్యామోహముకంటె, తల్లిని సమర్థింపలేని, నిందింపలేని కొడుకు ఇరకాటము అందు హెచ్చుగ కనబడుచున్నది. ఆమె నిర్దోషియని నిరూపింపలేడు, దోషియని ఒప్పుకొనలేడు. ఈ రెండిటి నడుమ ఎవరి జీవితమైనను ఆగిపోవును. సిద్ధాంతమును తెచ్చి నవలకు తొడుగుట సులభము. నవల ఆ తొడుగులో ఇమడకుండుటయే దాని గొప్పతనము. 1969లో వచ్చిన నవీన్‌గారి 'అంపశయ్య' ఈ త్రోవలో మరియొక అడుగు. ఉస్మానియా విద్యార్థి యొకని ఒకనాటి ఆలోచనాప్రవాహమే ఆ నవల. దానినిగూర్చి చెప్పుటకు ఇప్పుడు సమయము చాలదు.

ఈ లోపల మన నిత్యవ్యవహారములోనికి ఈ శాస్త్రపు మాట యొకటి దూరినది. "వాడికి కాంప్లెక్సు" అని పిల్లలు కూడ అనుచున్నారు. ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ చెప్పిన న్యూనతాభావము, యూంగ్ వ్యాప్తిచేసిన గ్రంథి అను మాట, రెండును ఇందు కలిసిపోయినవి. విశాఖపట్టణమున కాంప్లెక్సనగా బస్సులు నిలుచు చోటు. ఆ అర్థములోనే ఆ మాటను వాడుట క్షేమమని నాకొక్కొక్కప్పుడు తోచును! ఏలయనగా సగము చదివిన మనస్తత్త్వము చుట్టముల యింట చాల హాని చేయును. ఎవరేమన్నను "నీ మనస్సులో వేరే ఉన్నది" అనవచ్చును. కాదన్నచో "చూచితివా, దమనము" అనవచ్చును. తత్త్వవేత్త కార్ల్ పాపర్ ఫ్రాయిడ్ సిద్ధాంతమును ఇందుకే ఆక్షేపించెను. ఏ సాక్ష్యమునకును ఓడిపోని సిద్ధాంతము విజ్ఞానశాస్త్రము కాదనెను. ఆ ఆక్షేపణకు బలము కలదు. స్త్రీలనుగూర్చి ఫ్రాయిడ్ వ్రాసినది నిలువదని ఆయన మార్గమునుండియే వచ్చిన కారెన్ హార్నీ అను వైద్యురాలు వాదించెను. అంతకంటె ఘోరమైనది మరియొకటి జరిగినది. 1940ల తరువాత కొందరు మనోవిశ్లేషకులు స్కిజోఫ్రీనియాకు తల్లి పెంపకమే కారణమనిరి. బిడ్డ దుఃఖముతోనే కుమిలిపోవు తల్లులపై నేరము కూడ మోపబడినది. ఆ మాట తప్పని పిమ్మట తేలినది. ఆ వ్యాధికి వంశపారంపర్యము, మెదడులోని మార్పులు ముఖ్యకారణములలోనివి, మందులు కావలెను.

అయితే ఈ మార్గమంతయు కొట్టివేయదగినది కాదు. మన యెరుకకు రాకుండ మనస్సు పెక్కు పనులు చేయునన్నది నేటి ప్రయోగశాస్త్రజ్ఞులును ఒప్పుకొనినదే. ఈ పద్ధతిలో సాగు సంభాషణా చికిత్సవలన కుంగుబాటు, ఆందోళన మొదలగువానియందు మేలు కలుగుచున్నదనుటకు ఆధారములను జొనాథన్ షెడ్లర్ 2010లో క్రోడీకరించి చూపెను.

ఇది మన కాలనీకి ఎందుకు కావలెనందురా? మనము ఊరు విడిచి వచ్చినవారము. పెద్దలు అక్కడ, పిల్లలు ఇక్కడ, మనము రాత్రి షిఫ్టులో. ఎవరికైనను నిద్రపట్టుట లేదన్నచో, పనిపై మనస్సు పోవుట లేదన్నచో, మనము ఎర్రగడ్డ పేరెత్తి నవ్వుదుము. పాపము, ఆ ఆసుపత్రి చేసిన అపరాధమేమి? ఆ నవ్వునకు జడిసి ఎందరు నోరు మూసికొనుచున్నారో మనకు తెలియదు. బిలాసపురమునకు చేరువనే సేంద్రిలో రాష్ట్ర మానసిక చికిత్సాలయము కలదు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, పైకము లేదు, తెలుగులో కూడ మాటలాడవచ్చును.

నా కథ మిగిలిపోయినది. ఆరు నెలల మౌనము తరువాత మా ఇంటావిడ ఒకనాడు అనినది: "మీరు ఇల్లు గురించి మాట్లాడినప్పుడల్లా మావయ్యగారి చివరి నెల గురించి మాట్లాడరు. గమనించారా?" నేను గమనింపలేదు. ఆ చివరి నెలలో నాయనగారు నన్ను ఒక్క కోరిక కోరిరి. "ఒకసారి ఊరు తీసుకెళ్లరా, ఆ అరుగుమీద ఒక పూట కూర్చుంటాను." అప్పుడు మాకు వార్షిక మరమ్మతుల పని. అది ముగిసిన తరువాత పోవుదమంటిని. పని ముగియకముందే ఆయన పోయిరి. ఈ సంగతి నేను మరచిపోలేదు, కాని తలచుకొనుటయు లేదు. మరచుటకును తలచుకొనకుండుటకును మధ్య ఇంత చోటున్నదని నాకు తెలియదు. ఇల్లు అమ్మినచో ఆ కోరిక ఇక తీరదని తేలిపోవును. అందుకే పత్రములు మరచితిని, తేదీ మరచితిని. ఇల్లు ఆయనది, సంతకమును ఆయనదే కావలెనని నా చేయి అనుకొన్నది కాబోలును. ఇదంతయు శాస్త్రము ఒప్పుకొనునో లేదో నేను చెప్పలేను.

ఒక సంక్రాంతికి తమ్మునికి నేనే ఫోను చేసితిని. ఇద్దరము ఊరు పోతిమి. ఆ అరుగుమీద కూర్చుండి ఈ సంగతి వానికి చెప్పితిని. వాడు చాలసేపు మాటలాడలేదు. తరువాత అనెను: "నన్నూ అడిగారన్నయ్యా. విశాఖ వచ్చినప్పుడు. నేనూ తరువాత అన్నాను. ఈ ఇల్లు కనిపిస్తే అదే గుర్తొస్తోంది. అందుకే తొందరగా అమ్మేద్దామన్నాను."

ఒకే నొప్పి వానిచేత అమ్మించబూనినది, నాచేత అమ్మనీయలేదు. బోసుగారి జంట కోరికలు ఒక మనస్సులో కాక ఇద్దరు అన్నదమ్ములలో చెరియొకటి పంచుకొని కూర్చున్నవి. నేను వానిని తొందరపాటువాడనుకొంటిని, వాడు నన్ను నటుడనుకొనెను.

వేసవిలో ఇల్లు అమ్మితిమి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఆ లేఖరియే యుండెను. సంతకము చేయునప్పుడు నా భుజముమీదుగా తొంగిచూచి, "ఈసారి మీ పేరే రాశారండి" అనెను. తమ్ముడు నవ్వెను, నేనును నవ్వితిని.